అరగంట సారు

భద్రాచలం బస్టాండు పక్కన ఒక జిరాక్సు షాపుంది. షాపు అనగానే మీరు గదిని ఊహించుకోకండి. రెండు గోడల మధ్య మిగిలిపోయిన సందుకు ఎవరో షట్టరు బిగించి కిరాయికిచ్చారు. లోపల ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, ఒక ఆడమనిషి పట్టాక గాలికి చోటు చాలక అది బయటే నిలబడుతుంది. కరెంటు మీటరు పేరు మార్పుకు ఒక అర్జీ టైపు చేయించుకుందామని పోయిన నెల నేనూ ఆ గాలి పక్కనే నిలబడ్డాను.

ఆమె టకటకా కొడుతోంది. “గౌరవనీయులైన” దాకా వచ్చింది. అంతలో తెర నడిమధ్య బూడిదరంగు పెట్టె ఒకటి ఠక్కున లేచింది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు: “పెద్దాయన దొరకలేదు. మళ్లీ అడుగుతా.”

చెంప మీద వాలిన దోమను కొట్టినంత అలవాటుగా ఆమె ఓకే నొక్కేసి, గౌరవనీయుల దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది.

“ఏందమ్మా అది?” అన్నాను.

“ఏమో సార్. సెకండ్ హ్యాండ్ల కొన్నం. కొన్నకాడి నుంచి గట్లనే. అరగంటకోసారి వస్తది, ఎవల్నో అడుగుతది, పోతది.”

“ఎవరికీ చూపించలేదా?”

“ఇద్దరు మెకానిక్కులు చూసిన్రు. అది లోపట యాడ కూసున్నదో దొరకలే. సరే, మా తిండి తింటలేదు గద అని ఊకున్న.”

నా మీటరూ, నా పేరూ రెండూ మర్చిపోయాను. ఆ పెద్దాయన ఎవరో నాకు తెలుసు. ఆ మాట రాసినాయన కూడా తెలుసు. రాసినాయన పోయి చాలా కాలమైంది. ఆయన పోయిన సంగతి ఈ డబ్బాకు ఎవరూ చెప్పినట్టు లేరు.

*

ఆ రోజుల్లో ఖమ్మం చుట్టూ ఇంజనీరింగు కాలేజీలు ఎంత దట్టంగా ఉండేవంటే, బస్సు కిటికీలోంచి ఉమ్మితే ఏదో ఒక కాలేజీ ప్రహరీ మీదే పడేది. మా కాలేజీ కరస్పాండెంటు అసలు వృత్తి మిర్చి యార్డులో కమీషను వ్యాపారం. ఒక ఏడాది మిర్చి ధర పొద్దున పడింది, సాయంత్రానికల్లా ఆయనకు విద్య మీద ప్రేమ పుట్టింది. నేను అక్కడ ఇంగ్లీషు చెప్పేవాణ్ని. అంటే, ఇంగ్లీషు అనేది ఒకటి ఉందని చెప్పేవాణ్ని.

ఆ కాలేజీలో కంప్యూటరు ల్యాబులు చూసుకునే మనిషే ఆ మాట రాసినాయన. తాటిచెట్టుకు చొక్కా తొడిగినట్టుండేవాడు. ఆ చొక్కా జేబులో సీడీలు, చెవి మీద స్క్రూడ్రైవరు, నడుముకు తాళాల గుత్తి. ఆ గుత్తి బరువుకు ఆయన నడక ఎప్పుడూ కుడివైపుకు ఒరిగి ఉండేది. తిన్నగా నడుద్దామని బయల్దేరినా చివరికి గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వస్తాడని పిల్లల పరిశోధన.

ల్యాబు గుమ్మం ముందు చెప్పులు విప్పించేవాడు. అది అప్పట్లో అన్ని కాలేజీల్లోనూ ఉన్నదే గానీ, ఈయన పట్టింపు వేరు. ప్రిన్సిపాలు బూట్లు కూడా ఆ గుమ్మం దగ్గర తలదించుకుని పడి ఉండేవి. ఒకసారి కరస్పాండెంటు చెప్పులతోనే లోపలికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “గివి మీ మిరపకాయ బస్తాలు కావు సార్, దుమ్ము పడితే సచ్చిపోతయ్,” అన్నాడు. ఆ మాటకు ఆయన జీతం పెరగడం ఎన్ని సంవత్సరాలు ఆగిందో నాకు తెలీదు. పెరిగినట్టు మాత్రం వినలేదు.

వినయం అనే పదార్థం ఆయన ఒంట్లో వెతికినా దొరికేది కాదు. “హైదరాబాదుల ఎవ్వనికన్న డౌటొస్తే నాకే ఫోన్ కొడతడు,” అనేవాడు. నేనున్న కాలంలో ఆయనకు ఫోను చేసింది ఇంటి దగ్గర్నుంచి భార్య ఒక్కతే. ఆమె డౌటు ఉల్లిగడ్డల గురించి. కంప్యూటర్లకు దిష్టి తగులుతుందని నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టేవాడు. వైరస్ కూడా వానాకాలంలోనే ఎక్కువ వస్తుందని నాతో గంటలు గంటలు వాదించాడు. జలుబు చేసిన విద్యార్థిని కీబోర్డు ముట్టుకోనివ్వలేదు.

మా మూడు ల్యాబుల సంగతి ఇది. కరస్పాండెంటు ఎక్కడ చవకగా దొరికితే అక్కడ కొన్నాడు. అందువల్ల మూడు గదుల్లోనూ మూడు రకాల ఆపరేటింగు సిస్టములు దిగాయి. రెండు గదుల్లో రెండు జాతుల లినక్సు, మూడో గదిలో విండోస్. ఏ సాఫ్టువేరు ఎక్కించాలన్నా మనిషి సీడీ పట్టుకొని ఒక్కో కంప్యూటరు చుట్టూ తిరగాలి. దేవుళ్లు కూడా అన్ని ప్రదక్షిణలు ఆశించరు. చివరి దాన్లో ఎక్కించేసరికి మొదటి దాన్లో పిల్లలు పాడుచేసి పెట్టేవారు.

ఒకరోజు టీ తాగుతూ, నేను అడగకుండానే, నాకు జ్ఞానోపదేశం చేశాడు.

“ప్యాకేజీ మేనేజర్ అంటే ఏందనుకున్నరు సార్? కిరాణ కొట్టు సేటు. మీరు పోయి బిర్యాని చేసుకుంట అన్నరనుకో, బియ్యం ఒక్కటే కట్టడు. లవంగాలు, షాజీర, యాలకులు, ఏది లేకుంటే అది ఉడకదో అదంత తనే జోకి కడతడు. మీ ఇంట్ల ఉప్పుంటే, ఉప్పు వద్దులే అంటడు.”

“మంచి సేటే. మరి మనకు కష్టమేంది?”

“మన కష్టం మూడిండ్లు, మూడు మతాలు. మొదటి ల్యాబుల సేటు పేరు యమ్. రెండో దాంట్ల సేటు పేరు ఆప్ట్. వీడు కట్టిన పొట్లం వాని సంచిల పట్టదు. మూడోది విండోస్, దానికి సేటే లేడు. ప్రతి గడపకూ పోయి నెక్స్ట్, నెక్స్ట్ అని బతిమాలాలె.”

“సేటు సరుకు ఇంటర్నెట్ల నుంచి కదా రావాలె?”

“అవ్. మన ఇంటర్నెట్టేమో జామాయిల్ లారీ పోయినప్పుడల్ల తెగుతది. కర్రలు ఎత్తుగ కట్టుకొని వస్తరు, మన వైరును మెడల ఏసుకొని పోతరు. అందుకే ఇద్దరు సేట్లను పట్టుకొచ్చి పెద్దాయన ఇంట్లనే కొట్టు పెట్టిస్తున్న.”

పెద్దాయన అంటే ల్యాబు మూలనున్న సర్వరు. పాత ముక్కలతో ఆయనే కూర్చాడు. నుదుట కుంకుమబొట్టు, పైన భార్య పాత చీర ముక్క. దానికి నా కంటే ఎక్కువ మర్యాద జరిగేది.

హైదరాబాదు బస్సెక్కి సీడీలు తెచ్చాడు. బియ్యం సంచిలో మోసుకొచ్చాడు. పెద్దాయన కడుపులో సరుకంతా నింపాడు. తర్వాత వారంపాటు గడ్డం గీయలేదు, మాట్లాడలేదు, తనలో తను తిట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూము తలుపు తన్నినంత పని చేసి లోపలికొచ్చాడు.

“అయిపోయింది సార్. యమ్ సేటును ఒకమాట అడిగిన, ఆప్ట్ సేటును ఒకమాట అడిగిన. ప్రతి మెషిన్ల ఒక జీతగాడు దిగిండు, చిన్న ప్రోగ్రాము. విండోస్ ఇండ్లకు మాత్రం నేనే ఎత్తుకపోయి దించిన. ఇగ ఈ జన్మల సీడీ పట్ట.”

“జీతగాడు ఏం చేస్తాడు?”

ఆయన కుర్చీ లాక్కున్నాడు. వాళ్ల నాన్న సింగరేణిలో బొగ్గు తవ్విన మనిషి. ఏ విషయమైనా చివరికి బాయిలోకి దిగాల్సిందే.

“మా బాపు బొగ్గుబాయిల దిగేముందు, దీపాలిచ్చే లాంపురూముల తన నంబరు బిళ్ల ఇచ్చేటోడు. పైకొచ్చినంక తీసుకునేటోడు. ఎవని బిళ్లన్న అట్లనే ఉన్నదంటే మనిషి ఇంక లోపలున్నట్టు. లాంపురూమోడు అది చూడకుంట ఇంటికి పోడు. గిదీ గంతే. స్విచ్చు ఏయంగనే ఒకసారి, మల్ల అరగంటకోసారి, ప్రతి జీతగాడు పెద్దాయన కాడికి పోయి, ‘అయ్యా, నేను ఎట్లుండాలె?’ అని అడుగుతడు. పెద్దాయన చెప్తడు. ఏది తేడా ఉంటే అది సరిచేసుకుంటడు.”

“పెద్దాయన దొరక్కపోతే?”

ఆయన నవ్విన నవ్వుకు నా టీ తొణికింది. “అట్లెట్ల దొరకడు సార్? అయినా రాసిపెట్టిన. పెద్దాయన దొరకలేదు, మళ్లీ అడుగుతా అని ఒక పెట్టె వస్తది. ఊరికెనే రాసిన. ఆ పెట్టెను ఎవ్వరు చూడరు.”

అది నిజంగా పనిచేసింది. ఎలా తెలిసిందంటే, ఒక కుర్రాడు కంప్యూటరు తెర మీద కాలేజీ భవనం బొమ్మ తీసేసి సినిమా హీరోయిన్‌ని పెట్టాడు. అరగంట తిరిగేసరికి హీరోయిన్ మాయమై కాలేజీ భవనం, దాని నెత్తిన పసుపు అక్షరాలతో కాలేజీ పేరు ప్రత్యక్షమయ్యాయి. వాడు మళ్లీ హీరోయిన్‌ని పెట్టాడు. మళ్లీ భవనం. ఆ అమ్మాయికి మా కాలేజీలో అరగంట ఆయుష్షు అని తేలిపోయింది.

అప్పట్నుంచి ఎవరు ఏ మొర పెట్టుకున్నా ఆయన కుర్చీలోంచి లేవలేదు. ప్రోగ్రామ్ పోయిందా, “అరగంట ఆగు, సర్దుకుంటది.” ప్రింటు రావట్లేదా, “అరగంట ఆగు.” క్యాంటీన్లో పప్పు ఉడకలేదంటే అదే మాట. ప్రిన్సిపాలుకు ఛాతీలో మంట అంటే అదే మాట. పిల్లలు పెట్టిన పేరు అరగంట సారు. ఆ పేరు ఆయనకు పద్మశ్రీలాగా ఉండేది.

అసలు పద్మశ్రీ వేరే ఉంది. కాలేజీ కాగితాల్లో ఆయన హోదా ల్యాబ్ అటెండరు. అంటే ఊడ్చేవాళ్ల కంటే ఒక మెట్టు పైన, నీళ్ల కూలర్ కంటే ఒక మెట్టు కింద. ఆయనకు కావాల్సింది సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పోస్టు. అది వస్తుందన్న నమ్మకంతో ముందే ఖమ్మంలో ఒక పెయింటర్ చేత రేకు మీద బోర్డు రాయించుకున్నాడు. నీలం మీద తెలుపు. పేపర్లో చుట్టి బీరువా కింద దాచాడు. ఒకటి రెండుసార్లు నాకు చూపించాడు. అందరూ చంటిపిల్లల్ని చూపిస్తారు, అలా.

కరస్పాండెంటు మాట కూడా ఇచ్చాడు. “అడవి కాలేజీకి పర్మిషన్ రానియ్యి. నీ బోర్డు నేనే బిగిస్త.”

*

అడవి కాలేజీ అంటే భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట, జామాయిల్ తోటల మధ్య కరస్పాండెంటు లేపిన రెండో కాలేజీ. లేపింది ముందు గోడ. మిగతావి దాని చాటున మెల్లగా లేస్తున్నాయి. ఇన్‌స్పెక్షను వాళ్లు వచ్చి చూసి సరే అంటే పర్మిషన్ వస్తుంది. చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అప్పటి ఆచారం ప్రకారం ఉన్న కాలేజీ సరంజామా లారీలకెక్కి లేని కాలేజీకి వెళ్లేది. లైబ్రరీ పుస్తకాలు వెళ్లాయి, పూలకుండీలు వెళ్లాయి, లెక్చరర్లు వెళ్లారు. ఆ ఒక్కరోజుకు నన్ను శాఖాధిపతిని చేశారు. ఏ శాఖకో కారు దిగేదాకా నాకూ చెప్పలేదు.

కంప్యూటర్లు లారీలో వెళ్లాలి. ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఏదైనా మెత్తటిది పెట్టాలి. కరస్పాండెంటు గోడౌన్లో మెత్తటిదంటే ఒక్కటే ఉంది, ఖాళీ మిర్చి బస్తాలు. అరగంట సారు గోలపెట్టాడు. వినేవాడెవడు? పెద్దాయన్ని మాత్రం లారీలో ఎక్కించనివ్వలేదు. క్యాబిన్లో డ్రైవరు పక్కన కూచుని, చీర ముక్క కప్పి, పెద్దాయన్ని ఒళ్లో పెట్టుకుని ఊరు దాటాడు. అసలు పెద్దాయన్ని వదిలి వెళ్లడానికి లేదు. సర్వరు ఉండి తీరాలని రూలు. రెండు కాలేజీలకూ కలిపి ఉన్న సర్వరు అదొక్కటే.

కరస్పాండెంటు ముందురోజే హెచ్చరించాడు.

“గోడ మీద కొత్త కాలేజీ పేరు, తెర మీద పాత కాలేజీ పేరు ఉంటే, వచ్చేటోళ్లు గుడ్డోళ్లా? పేరు మార్చు.”

“మారుస్త సార్. చేత్తో మారుస్త.”

ఆయన వెళ్లాక నేను అడిగాను. “చేత్తో ఎందుకు? పెద్దాయనకు ఒక్కమాట చెప్తే అన్నీ మారతాయి కదా?”

సారు ముఖం నల్లబడింది. “పెద్దాయనతోని అబద్ధం ఆడిపియ్య సార్. పిలగాండ్లతోని ఒక అరగంట ఆడిపిస్త, తప్పదు. పెద్దాయన్ని మాత్రం దీంట్లకు లాగ.”

“పోనీ ఆ జీతగాళ్లను ఒక్కరోజు నిద్రపుచ్చరాదూ?”

“నేను దింపిన జీతగాడు ఇప్పటిదాంక నిద్రపోలే.”

“మరి అరగంట తర్వాత అసలు పేరు వచ్చేస్తుంది కదా?”

“అరగంట దాక ఎవడుంటడు సార్? ఇన్‌స్పెక్షనోళ్లు ల్యాబుల పది నిమిషాలు నిలబడంగ ఎన్నడన్న చూసిన్రా? వాళ్ల కారు గేటు దాటి లోపటికి రాంగనే స్విచ్చులేస్త. ఒకసారి పెద్దాయన్ని అడగనిస్త. ఎంబటే చేత్తో పేర్లు మారుస్త. వాళ్లొచ్చి చూసి పోతరు. వాళ్లు పోయినంక పిలగాండ్లు నిజం చెప్పుకుంటరు. ఎవ్వనికీ పాపం లేదు.”

అబద్ధానికి ఇంత శుచిగా మడికట్టుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ రోజు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. సంచిలో పేపర్లో చుట్టిన బోర్డు, నాలుగు స్క్రూలు. ల్యాబు తలుపు మీద ఎక్కడ బిగించాలో పెన్సిలుతో గుర్తు కూడా పెట్టేశాడు.

కారు గేటు దాటింది. స్విచ్చులు వేసుకుంటూ ఒక వరసలో పోయాడు. కంప్యూటర్లు లేచాయి, పెద్దాయన్ని అడిగాయి, తలూపాయి. వెంటనే ఆయన మొదటి దాని దగ్గరికి పరుగెత్తి పేరు మార్చాడు, రెండోది, మూడోది. గదంతా ఎర్రటి ఘాటు. దారిపొడుగునా బస్తాల్లోంచి రాలిన కారప్పొడి డబ్బాల్లోకి దూరింది. ఇప్పుడు ఫ్యాన్లు తిరిగేసరికి అది గదిలోకి ఎగజిమ్ముతోంది. ఏసీ కోసం తలుపులు మూసి ఉన్నాయి. ఆయన కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు ధారగా కారుతుంటే కీబోర్డు తుడుచుకుంటూ పేర్లు మారుస్తూనే ఉన్నాడు. అబద్ధమాడే వాళ్లందరికీ ఇలా కళ్లు మండే ఏర్పాటు ఉంటే మన జిల్లాలో పగలు కళ్లు తెరిచే వాడుండడు అనుకున్నాను.

ఇన్‌స్పెక్షను వాళ్లు ముగ్గురు. ముగ్గురిలో పెద్ద మనిషి గుమ్మం దాకా వచ్చాడు. అరగంట సారు కళ్లు తుడుచుకుని, చెయ్యి అడ్డం పెట్టాడు.

“సార్, బూట్లు.”

కరస్పాండెంటు ప్రాణం ఆయన గొంతులో కనబడింది. కానీ పెద్ద మనిషి మారుమాట లేకుండా బూట్లు విప్పాడు. మేజోడుకు చిల్లి. ఆ చిల్లిలోంచి బొటనవేలు ఉన్నత విద్యను తొంగి చూసింది.

తెరల నిండా కొత్త కాలేజీ పేరే. కరస్పాండెంటు ఊపిరి పీల్చుకున్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. తుమ్మాడు. ఆ తుమ్ముకు జామాయిల్ తోటలో కొంగలు లేచాయి. తర్వాత పెద్ద మనిషి తుమ్మాడు. ఆ పక్కాయన తుమ్ముతూనే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“ఏమిటయ్యా ఇది? ల్యాబా, కారం మిల్లా?” పెద్ద మనిషి కళ్లు మూసుకునే అరిచాడు.

అరగంట సారు నోటిలోంచి ఆ మాట రానే వచ్చింది. ఏళ్ల తరబడి కుర్చీలో కూచుని చెప్పిన మాట, దాని దారిన అది నడిచి వచ్చేసింది.

“అరగంట ఆగుండ్రి సార్, సర్దుకుంటది.”

అన్నాక విన్నాడు. తను ఏమన్నాడో తనే విన్న మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఆరోజు చూశాను. చెవి మీది స్క్రూడ్రైవరు కింద పడింది.

“మంచిది. తలుపులు తీసి పెట్టండి, అరగంట తర్వాతే వస్తాం,” అని పెద్ద మనిషి వరండాలోకి నడిచాడు.

సారు గిరుక్కున ల్యాబులోకి తిరిగాడు. కరస్పాండెంటు భుజం పట్టి ఆపాడు.

“యాడికి పోతున్నవ్? సార్లకు బొండాలు ఎవడు కొట్టియ్యాలె?”

“సార్, రెండు నిమిషాలు. ఒక్క పని ఉంది. మల్ల చెప్త.”

“ముందు బొండాలు.”

“సార్, దండం పెడత, జల్దీ వస్త...”

“ఏయ్! నువ్వు అటెండర్‌వు కాదా? మరి అటెండర్ పని ఎవడు చెయ్యాలె, నేనా?”

కాగితం మీద రాసి ఉన్న మాట అది. సంచిలో ఉన్న రేకు బోర్డు ఇంకా ఎక్కడా బిగించలేదు. ఆయన ట్రే పట్టుకున్నాడు. కొబ్బరి బొండాలు, ఆపైన జీడిపప్పు, ఆపైన తడి తువ్వాళ్లు, ఆపైన మళ్లీ బొండాలు. ప్రతి విడతకూ ల్యాబు తలుపు వైపు చూసేవాడు. చూసినప్పుడల్లా ఎవరో ఒకరు స్ట్రా అడిగేవారు. శాఖాధిపతిగా నన్ను పెద్ద మనిషి పక్కనే కూచోబెట్టారు. కంప్యూటరు గురించి నాకు ఆన్ చేయడం, ఆఫ్ చేయడం అనే రెండు విద్యలు తెలుసు. రెండోదాని మీద నాకే నమ్మకం లేదు.

చెప్పిన అరగంటకు కాస్త ముందే వాళ్లు మళ్లీ గుమ్మంలో నిలబడ్డారు. స్విచ్చులు వేసి అప్పటికి సరిగ్గా అరగంట. అప్పుడే గది ఆ మూల నుంచి మొదలైంది. మొదటి కంప్యూటరు తెర ఒకసారి రెప్ప వేసింది. కొత్త పేరు పోయింది. కాలేజీ భవనం, దాని నెత్తిన పసుపు అక్షరాలతో ఖమ్మం కాలేజీ పేరు. తర్వాత రెండోది. తర్వాత మూడోది. ఆయన స్విచ్చులు వేసుకుంటూ పోయిన వరసలోనే, ఒక్కటి కూడా తప్పకుండా, తడబడకుండా, మర్యాదగా, ముగ్గురు చదువుకున్న పెద్దల ఎదుట, కంప్యూటర్లు లేచి తమ ఊరి పేరు చెప్పుకున్నాయి.

పెద్ద మనిషి కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివాడు. “ఇదేంటి, పేరు వేరే ఉందే?”

అరగంట సారు ఖాళీ ట్రేను ఛాతీకి అదుముకుని నిలబడ్డాడు.

“రెండూ మావే సార్. అదీ ఇదీ ఒక్కటే,” అన్నాడు కరస్పాండెంటు.

“ఓహో. ఒకే మేనేజిమెంటు.” పెద్ద మనిషి తలపంకించాడు. “అన్నిచోట్లా ఒకే పద్ధతి పెట్టారన్నమాట. బాగుంది.” చివరగా ఒక చిన్న తుమ్ము తుమ్మి, బూట్లు తొడుక్కుని, నాటుకోడి వాసన వస్తున్న వైపుకు నడిచాడు.

అంతే. గదినిండా యంత్రాలు ఒకేసారి నిజం చెప్పాయి. అక్షరం వచ్చినవాళ్లు చదివారు. ఒక్కరి ఆకలి కూడా తగ్గలేదు. పర్మిషన్ వచ్చింది.

సాయంత్రం ఆయన బోర్డు సంచి పట్టుకుని కరస్పాండెంటు కారు దగ్గర నిలబడ్డాడు.

“సార్, బోర్డు...”

“బోర్డా? నా ఇజ్జత్ తీసి బోర్డు అడుగుతున్నవా?”

“పర్మిషన్ వచ్చింది గద సార్.”

“అది నా పైసలకొచ్చింది. నీ డబ్బాలు అందరి ముంగట నన్ను దొంగను చేసినయ్. రేపటి నుంచి రాకు.”

“తప్పు నాది సార్. మెషిన్లది కాదు. వాటినేమనొద్దు.” ఆయన గొంతు అప్పుడు మొదటిసారి చిన్నదైంది. “ఒక్కటి అడుగుత. పెద్దాయన్ని నేనే బంద్ చేసి పోత. పద్ధతి ప్రకారం.”

కరస్పాండెంటు వాచ్‌మన్‌ను పిలిచాడు. వాచ్‌మన్ లోపలికి పోయి పెద్దాయన వైరు గోడలోంచి పీకి, చుట్టచుట్టి బయటికి తెచ్చాడు. కోడి మెడ పట్టుకుని తెచ్చినట్టు తెచ్చాడు. అరగంట సారు దాన్ని చూసి, ల్యాబు గుమ్మం దాకా పోయి అక్కడ విప్పిన తన చెప్పులు వేసుకుని, తాళాల గుత్తి వాచ్‌మన్ చేతిలో పెట్టాడు. గుత్తి లేని నడక తిన్నగా ఉంది. గేటు దాకా ఒక్కసారి కూడా ఒరగకుండా పోయాడు.

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పోస్టు నెల తిరక్కుండానే భర్తీ అయింది. కరస్పాండెంటు బామ్మర్దికిచ్చారు. ఆయన తలుపు మీద ఇత్తడి బోర్డు. కంప్యూటర్లు ఖమ్మం తిరిగొచ్చాక ప్రతి తెర మీదా అరగంటకోసారి బూడిదరంగు పెట్టె లేవడం మొదలైంది. పెద్దాయన్ని గోడౌన్లో మిర్చి బస్తాల పక్కన పడేశారని వాటికి తెలీదు. బామ్మర్ది ఆ పెట్టెను ఎలా తీయాలో తెలీక, తనకు తెలిసిన ఏకైక పరిష్కారం చేశాడు. పాత కంప్యూటర్లన్నీ అమ్మేసి కొత్తవి కొన్నాడు.

*

ఆయన పోయాడని తెలిసి కొత్తగూడెం వెళ్లాను. రెండు గదుల ఇల్లు. కాలేజీ వదిలాక అడవి ఊళ్లు పట్టుకుని మండలాఫీసుల్లో, బళ్లలో కంప్యూటర్లు బాగుచేస్తూ తిరిగాడని ఆయన భార్య చెప్పింది.

“చర్ల దిక్కు పోయొచ్చినంక జ్వరం పట్టుకుంది సార్. వణుకుతున్నడు. దవాఖానకు పోదాం, ఆటోను పిలుస్త అన్న. ‘అరగంట ఆగు, సర్దుకుంటది’ అన్నడు. ఆగిన. మల్ల అడిగిన. మల్ల అదే మాట.” ఆమె కొంగుతో ముఖం తుడుచుకోలేదు. కోపంగా చూసింది, నన్ను కాదు, గోడను. “ఆయన మాట ఇన్న సార్. ఎన్నడు ఇనకపోయేదాన్ని, ఆనాడు ఇన్న.”

మంచినీళ్లిస్తానని లేచింది. వాకిట్లో నీళ్ల డ్రమ్ము. దాని మీద నీలం రేకు మూత. ఆమె మూత పక్కకు జరిపింది. మూత మీద తెల్ల అక్షరాలు, సిస్టమ్ అడ్మి దాకా కనిపించాయి, మిగతావి చెంబు కింద ఉన్నాయి.

నేను చూడ్డం ఆమె చూసింది. “మంచి రేకు సార్. ఇన్నేండ్లయినా తుప్పు పట్టలే,” అంది.

*

“ఇగో సార్, అయిపోయింది.” జిరాక్సు షాపు ఆమె అర్జీ నా చేతికిచ్చింది. డబ్బులిచ్చాను. కదల్లేదు.

“ఇంకేమన్న ఉన్నదా సార్?”

“లేదమ్మా. ఒక అరగంట ఆగుదామని.”

అరగంట ఆగడానికి ఆ సందులో ఏముందా అని ఆమె చుట్టూ చూసింది. నా వయసు చూసి, కాళ్లు నొప్పులనుకుందేమో, స్టూలు బయటికి జరిపింది. కూచున్నాను. బస్సులు వచ్చాయి, పోయాయి. ఎవరివో ఆధార్ కార్డులు, ఎవరివో రేషను కార్డులు మిషను కిందికి పోయి జంటలుగా బయటికొచ్చాయి. జనం పెరిగారు. లాంపురూము కూలిపోయింది, లాంపురూమోడు పోయాడు. బిళ్ల ఇచ్చి దిగిన మనిషొకడు ఇంకా లోపల తచ్చాడుతున్నాడు.

తెర రెప్ప వేసింది. బూడిదరంగు పెట్టె లేచింది.

“పెద్దాయన దొరకలేదు. మళ్లీ అడుగుతా.”

ఆమె చెయ్యి దాని మీదికి పోతోంది.

“ఒక్క నిమిషం ఉంచమ్మా,” అన్నాను.

“ఎనక మంది నిలబడ్డరు సార్,” అని ఆమె ఓకే నొక్కింది.